ఆంటీకి ఎదురు చెప్పిన రోజు

నా చిన్నప్పుడు నాది మందబుద్ధి అని ఒక కాగితం తేల్చేసింది. ఇప్పుడు పిల్లలు నన్నే ఆంటీ అంటున్నారు గానీ, ఆ కాగితం తలుచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మూడో తరగతి. బళ్లో ఒకావిడ నాకేదో పరీక్ష పెట్టింది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తల దించుకుని వినడమే మా ఇంట్లో మర్యాద. నేనూ అదే చేశాను. నీకేమనిపిస్తోంది అని అడిగితే, మీరే చెప్పండి అన్నాను. మర్యాదకి మార్కుల్లేవు కాబోలు, వెనకబడిన పిల్లల క్లాసులో వేస్తాం, సంతకం పెట్టండి అని ఫారం పంపారు. టీచర్లకి తెలియదా అంటూ నాన్న పెన్ను తీశాడు. నన్ను మాత్రం ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు!

ఫారంలో మాటలు అంతుపట్టక, నాన్న సంతకం పెట్టేలోపే అమ్మ దాన్ని కింది అపార్ట్‌మెంట్‌లోని యూదు ఆంటీకి చూపించింది. ఆవిడ సైకాలజిస్టు. నేర్చుకున్న సైకాలజీని తమవాళ్ల బళ్లలోకి తీసుకెళ్లడానికే జీవితమంతా పాటుపడ్డ మనిషి. ఆ బళ్లలో పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని, వాదించుకుంటూ మతగ్రంథాలు చదువుతారట. ఫారం చదివేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది.

నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల మతగ్రంథం ఒకటి తెరిచింది. పక్కింటి చెట్టు కొమ్మ మన పెరట్లోకి వంగి పండు రాలితే, అది మనదే అంది. తలూపాను. కాదు, పక్కింటివాళ్లదే అంది. మళ్లీ తలూపాను. ఆవిడ పుస్తకం మూసేసింది.

"నువ్వు కాదనకపోతే నేను ఒంటరిగా చదువుకుంటున్నట్టే. నన్ను ఒంటరిగా వదిలేస్తావా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నాను: "నో ఆంటీ, యు ఆర్ రాంగ్! రెండుసార్లూ రాంగే. నీళ్లు పోసింది వాళ్లు, రాలిన ఆకులు ఊడ్చింది మనం. చెరిసగం!"

అమ్మ హడలిపోయింది. "ఏంటే ఆ మాటలు! ఆంటీకి సారీ చెప్పు!"

ఆంటీ ఫారం తీసి అమ్మ ముందు పెట్టింది. "ఇందులో రాసిన పిల్ల ఈ పిల్లేనా?"

అమ్మ ఆ కాగితం మడిచేసింది. తను సంతకం పెట్టలేదు, నాన్ననీ పెట్టనివ్వలేదు. ఆంటీ బడికి వచ్చి పోట్లాడి మళ్లీ పరీక్ష పెట్టించింది. నేను మా క్లాసులోనే ఉండిపోయాను. క్షమించమన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఇప్పటికీ మనవాళ్లు తలో వంటకం తెచ్చి కలిసి తినే పాట్‌లక్‌లలో ఎవరైనా "మా పాప ఎంత బుద్ధిమంతురాలో, నోట్లోంచి మాట రాదు" అని మురిసిపోతే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది. వెళ్లి ఆ పాప పక్కన కూర్చుంటాను. కావాలని ఒక తప్పు మాట చెబుతాను. నన్ను కాదనేదాకా అక్కణ్ణుంచి లేవను.