నీళ్లు పోసే జైనాబ్ బీ

ఓర్వకల్లు పక్కన మా ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, బాలింతను ఆసుపత్రి నుంచి తెచ్చిన మరుసటి రోజే జైనాబ్ బీకి కబురు పోయేది. రెడ్ల ఇల్లని, బోయల ఇల్లని లేదు. పెరట్లో పీట వేసుకుని, కాళ్లు చాపి, పసిబిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి, ఆముదం రుద్ది నీళ్లు పోసేది. తల గుండ్రంగా రావాలని ఒత్తేది. ఎంత గుక్కపట్టిన బిడ్డయినా సాంబ్రాణి పొగ వేసేసరికి ఆమె ఒళ్లోనే నిద్రపోయేది. మొగుడు పోయినప్పటి నుంచి అదే ఆమె బతుకు. ఇచ్చింది తీసుకునేది, పెట్టింది తినేది.

ఎండాకాలంలో బడి దగ్గరికి ఎక్స్‌రే బండి వచ్చింది. పైసా కట్టక్కర్లేదని, టీబీ పరీక్ష చేస్తారని ఆశా కార్యకర్త శివలీల ఇంటింటికీ తిరిగి చెప్పింది.

"నాకెందుకులే శివలీలా? గుండ్రాయి మాదిరి ఉండా," అంది జైనాబ్ బీ.

"ఊరికే తీస్తాండారు కదవ్వా. నువ్వొస్తే నిన్ను చూసి ఆడోళ్లంతా వస్తారు."

ఆ మాట కాదనలేక వెళ్లింది.

ఎక్స్‌రే ఫోటో తీసిన పిల్ల కాసేపటికి ఆమె పేరు గట్టిగా పిలిచింది. వరసలో నిలబడిన వాళ్లంతా వింటుండగానే, "ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. టీబీ అనుమానం. తెమడ పరీక్షకు ఇవ్వాలి," అంటూ మూత డబ్బీ ఒకటి చేతిలో పెట్టింది. పెళ్లికి ముందు నెలల తరబడి దగ్గి, సూదులు వేయించుకుని బాగుపడిన సంగతి జైనాబ్ బీకి అప్పుడు గుర్తొచ్చింది. చెప్పబోయింది. ఆ పిల్ల అప్పటికే ఇంకో పేరు పిలుస్తోంది.

ఆమె ఇల్లు చేరేలోపే మాట ఊరంతా పాకింది.

తెల్లారి ఎప్పటిలాగే ఓబులేసు ఇంటికి పోయింది. ఆయన కోడలు యామినికి నెల కిందటే ఆడపిల్ల పుట్టింది. ఓబులేసు వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

"ఈ పొద్దు వద్దులే బూబమ్మా. పాపకు జలుబు చేసిండాది."

పెరట్లోంచి నీళ్ల చప్పుడూ, పాప ఏడుపూ వినిపిస్తూనే ఉన్నాయి. పట్టుకునేది తెలియని చేతుల్లో బిడ్డ ఎలా ఏడుస్తుందో జైనాబ్ బీకి తెలుసు. వెనక్కి తిరిగింది.

పాపను కర్నూలుకు తీసుకుపోయి టీబీ పరీక్ష చేయించారు. ఏమీ లేదన్నారు. అయినా పసిదానికి సూది గుచ్చించిన పాపం జైనాబ్ బీ మీదే పడింది. మిగతా ఇళ్లవాళ్లు సాకు కూడా చెప్పలేదు, పిలవడం మానేశారు.

తెమడ పరీక్ష ఫలితం వానలు మొదలయ్యాక గానీ రాలేదు. శివలీల పరుగున వచ్చింది.

"అవ్వా, నీకేం లేదంట! అది పాత మచ్చంట!"

"నాకు చెప్తే ఏమొస్తాది తల్లీ? ఊళ్లో చెప్పు."

శివలీల చెప్పింది. అందరూ మంచిదే కదా అన్నారు. ఎవరూ పిలవలేదు. ఉండబట్టలేక జైనాబ్ బీయే ఒకరోజు యామిని దగ్గరికి పోయింది. యామిని కాగితం కప్పులో టీ పోసి ఇచ్చింది.

"నాకు తెలుసవ్వా, నీకేం లేదు. ఇంట్లోనే ఒప్పుకోరు. పసిదాని విషయం కదా, మేమే పోసుకుంటాండాం," అంది తల వంచుకుని.

జైనాబ్ బీ టీ తాగి, కప్పు ఎక్కడ పారేయాలో అడిగి లేచింది.

ఇప్పుడామె కర్నూలు మండీలో ఉల్లిగడ్డల తోకలు కోసే పనికి పోతోంది. పొద్దున్నే బస్సెక్కుతుంది. ఒక్కోసారి దగ్గు వస్తే ఆగిపోయి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. శివలీల చెప్పింది నిజమా, ఆ ఫోటో చెప్పింది నిజమా అని ఆమెకే తెలియకుండా పోయింది.

మొన్న మండీలో, పక్క ఊరి నుంచి వచ్చే నిస్సీ అనే అమ్మాయి చంటిబిడ్డ ఉయ్యాలలో లేచి ఏడ్చింది.

"అవ్వా, రవ్వంత ఎత్తుకోవా? నా చేతులు మంటగా ఉండాయి," అంది నిస్సీ.

జైనాబ్ బీ లేచి ఉయ్యాల దాకా పోయింది. చేతులు చాపింది. మళ్లీ వెనక్కి తీసుకుంది.

"నాకు దగ్గుండాది. నువ్వే ఎత్తుకో అమ్మా," అంది.

తన గంప జరుపుకుని, అవతలి వరసలో గోడవైపు తిరిగి కూర్చుంది.