పక్కింటావిడ మేనత్త వీసా ఫైలు

అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న మా నోవై ఊళ్లో తెలుగువాడికి వీసా రాకపోతే కాన్సులేటును ఎవరూ తిట్టరు. "ఏదో పేపర్ సరిగ్గా పెట్టుండడు" అంటారు. అలా అనేవాళ్లందరికీ నేను పెద్ద. ఊళ్లోని ఫైళ్లన్నీ మా డైనింగ్ టేబుల్ మీదే పరుస్తారు. ఆ టేబుల్ అన్నం మెతుకు చూసి పదేళ్లయింది. ఫారంలో తప్పుంటే నాకు కవరు విప్పకముందే వాసనొస్తుంది.

నా ఈ పేరు మంచుగుట్టలు దాటి పక్కింటి యూదు ముసలావిడ దాకా వెళ్లింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అట్ట ఫైలొకటి తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ల నాన్న హిట్లర్ రోజుల్లో జర్మనీ నుంచి డెట్రాయిట్ వచ్చి పడ్డాడు. అక్కడ మిగిలిపోయిన చెల్లెల్ని రప్పించాలని రెండేళ్లు అక్కడి అమెరికా కాన్సులేటుకి కాగితాలు పంపాడు. ఆమెకి వీసా రాలేదు. తర్వాత నాజీలు రైలెక్కించి తీసుకుపోయారు, అంతే.

"తనే ఏదో తప్పు పెట్టానని పోయేదాకా అనుకున్నాడు మా నాన్న," అందావిడ. "చూసి చెప్పండి. తప్పు ఆయనదేనా?"

కళ్లజోడు తుడుచుకుని దిగాను. పోషిస్తానని అన్న రాసిచ్చిన హామీ పత్రం ఉంది. ఓడ టికెట్టు ఉంది. మంచి నడవడిక సర్టిఫికెట్ కూడా ఉంది. అది ఇవ్వాల్సింది ఎవరు? ఆమెని వీధిలో తరుముతున్న ఆ పోలీసులే. దొంగ దగ్గరికెళ్లి, నేను దొంగని కానని రాసివ్వు నాయనా అని అడిగి తెచ్చుకోవాలన్నమాట. పాపం, తెచ్చుకుంది కూడా.

అరగంటలో పట్టేశాను. "దొరికింది. ఇంటర్వ్యూ నాటికి పోలీస్ సర్టిఫికెట్‌కి వారం రోజుల ముందే గడువు తీరిపోయింది."

ఆవిడ తలూపింది. "అయితే ఆయనదే."

పక్కనే హోమ్‌వర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి ఫైలు తనవైపు లాక్కుంది. "నాన్నా, ఇంటర్వ్యూ డేట్ ఎవరు చేంజ్ చేశారు?"

"కాన్సులేట్ వాళ్లే."

"ఎన్నిసార్లు?"

లెక్కపెట్టాను. నాలుగుసార్లు. సర్టిఫికెట్ కొత్తది తెస్తే హామీ పత్రం పాతబడింది. అది మళ్లీ రాయిస్తే ఓడ వెళ్లిపోయింది.

"హిస్టరీ క్లాస్‌లో చెప్పారు నాన్నా. కోటాలో వీసాలు మిగిలాయి, అయినా ఇవ్వలేదు. యూదుల్ని రానివ్వకూడదనే లేట్ చేశారు. నువ్వు ఇంకా పేపర్లు వెతుకుతున్నావ్."

ఒళ్లు మండిపోయింది. కాన్సులేటు మీద సగం, నా మీద సగం. వద్దనుకుంటే ఒక్క ముక్కలో వద్దని చెప్పి చావొచ్చుగా. తలుపు మూసేసి, బయట నిలబడ్డవాడితో చెప్పులు సరిగ్గా విడవలేదని దెబ్బలాడే మర్యాద ఎక్కడ నేర్చారో. నేనేమో ఎనభై ఏళ్ల తర్వాత ఆ తలుపు తరపున చెప్పులు లెక్కపెడుతున్నాను.

"నేను తప్పు చెప్పానండీ," అన్నాను. "ఇంత పద్ధతైన ఫైలు నేను ఇంతవరకు చూడలేదు. మీ నాన్నగారు చేయగలిగిందంతా చేశారు."

ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే సర్ది ఫైలు మూసింది.

"నాకు పదహారేళ్లప్పుడు ఒకసారి నాన్నతో దెబ్బలాటలో అనేశాను," అంది. "నువ్వు కాస్త జాగ్రత్తగా రాసుంటే అత్త బతికేదని."

"ఆయనేమన్నారు?"

"సారీ చెప్పాడు."