ఎంప్లాయర్, ఎంప్లాయీ, మా టైపు మేష్టారు

మా టైపు మేష్టారు పోయారని మంగళవారం పొద్దున్నే రాజోలు నుంచి కబురొచ్చింది. పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా లేవలేకపోయాను.

తొంభైల్లో, మధ్యాహ్నం ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషన్లు ఖాళీగా ఉండే వేళ, కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళబోయే ఆడవాళ్ళకి ఆయన ఊరికే ఇంగ్లీషు చెప్పేవారు. మొదటి వారమంతా రెండే మాటలు. "రెండూ ఒక్కలాగే వినపడతాయమ్మా. పని చేయించుకునేవాడు ఎంప్లాయర్. చేసేదానివి నువ్వు ఎంప్లాయీ. దొర, బానిస అని ఒప్పందం కాయితంలో ఎక్కడా లేదు. ఎవరేం చెయ్యాలో చదువుకో." ప్రయాణం ముందు కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగేవారు. "దణ్ణాలు ఆనక. ముందు కాయితం చదివి వినిపించు!"

కొబ్బరి దింపులకు వెళ్ళే మా ఆయన చెట్టు మీంచి పడి మంచం పట్టారు. ఇద్దరు పిల్లలు. నేనేమో పదో తరగతి తప్పినదాన్ని. కువైట్ వెళ్దామని నేనూ మేష్టారి దగ్గర చేరాను. ఏజెంటు మా అరుగు మీద కూర్చుని, "సంతకం పెట్టేయండమ్మా, వీసా ఇంకోళ్ళకి పోద్ది" అన్నాడు. తిరుగు టిక్కెట్టు నేనే కొనుక్కోవాలనీ చెప్పాడు.

"చదివి పెడతానండీ" అన్నాను.

"ఆడోళ్ళకి ఇయ్యన్నీ ఎందుకండీ!"

వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. తిరుగు టిక్కెట్టు ఎంప్లాయరే ఇవ్వాలని ఉంది. నకలు చేతికిస్తేనే సంతకం అన్నాను. అతను సంచీ విసురుగా తీసుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు మా అత్తగారు నన్ను తిట్టారు, నేను మేష్టారిని తిట్టుకున్నాను. దాచడమెందుకు? నోటి దగ్గర కూడు పడగొట్టారనే ఏడ్చాను. నాలుగో రోజు ఏజెంటే నకలు పట్టుకొచ్చాడు. రెండేళ్ళ తర్వాత కువైట్‌లో ఆ ఇంటివాళ్ళు టిక్కెట్టు మాకు సంబంధం లేదంటే, అదే చూపించి తీసుకున్నాను.

"వచ్చేసేనండీ మేష్టారూ! మీ దయ."

"ఆయ్, ఎవరి దయా కాదమ్మా. నీ హక్కు" అన్నారు.

మొన్న పాడె లేవగానే, ఆయన దగ్గర చదువుకున్న ఆడవాళ్ళం పదకొండు మందిమి వెనక నడిచాం. వంతెన దగ్గర ఆయన బంధువు, ఓ పెద్దాయన, చేతులడ్డం పెట్టారు.

"ఆడోళ్ళు శ్మశానానికి రాకూడదమ్మా. ఆగిపోండి."

"ఏ కాయితంలో రాసుందండీ? ఇలా ఇవ్వండి, చదువుతాను."

ఆయన దగ్గర ఏ కాయితమూ లేదు. చెప్పులు చేత పట్టుకుని, కాలవ గట్టు బురదలో చితి దాకా వెళ్ళాం. మగవాళ్ళు స్నానాలకు దిగినా, మంట తగ్గే వరకూ మాలో ఒక్కరూ కదల్లేదు.