తెల్లారి వచ్చే నీరసం

వంటింట్లో ఎండుమిరపకాయలు మాడి ఘాటు ఇల్లంతా కమ్ముకుంటే అందరూ దగ్గుతూ కిటికీలు తెరుస్తారు. నాకు మాత్రం ఇప్పటికీ కాళ్లు పరిగెత్తమంటాయి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, తార్నాకలో మా ఇంటిదాకా గాలికి కొట్టుకొచ్చే బాష్పవాయువు అచ్చం ఇలాగే గొంతు పట్టేసేది.

అప్పటికి నేను చిన్నపిల్లను. బంద్ అంటే మాకు పండగే: బస్సులు లేని మెయిన్ రోడ్డు మీద క్రికెట్, వంటావార్పు రోజున నడిరోడ్డు మీద పెద్ద పెద్ద గంజుల్లో పొగలు కక్కే పులిహోర, దాన్ని విస్తరాకులో పెట్టించుకుని డివైడర్ మీద కూర్చుని తినడం, ఆడవాళ్ల బతుకమ్మ పాటల మధ్య యూనివర్సిటీ హాస్టల్ అన్నల నినాదాలు. పెద్దవాళ్లు మాత్రం ఏ క్షణాన ఏమవుతుందోనని టీవీకి అతుక్కుపోయేవారు. మా ఇంట్లో ఇంకో దిగులు కూడా ఉండేది, మా అక్క స్వరూప.

డిగ్రీ చదువుతుండగా విషజ్వరం వచ్చి తగ్గింది గానీ అక్కకు సత్తువ తిరిగి రాలేదు. రక్తపరీక్షలన్నీ నార్మల్. జనగామ దగ్గర పల్లెలో పొలంగట్ల మీద నడిచి బడికెళ్లిన మా నాన్నకు, మేం బాపు అనేవాళ్లం, నడక అన్ని రోగాలకూ మందు. పొద్దున్నే మా ఇద్దరినీ లేపి యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిపించేవాడు. రాలిన వేపపూత, కాలిన టైర్ల మసి, ముళ్లకంచెల పక్కన కునికే పోలీసులు, వాటి మధ్యనుంచే మా నడక. అక్క బాగానే నడిచేది. మర్నాడు దువ్వెన ఎత్తలేక నాతో జడ వేయించుకునేది.

"నడిచిన్నాడు ఏం గాదు బాపూ, తెల్లారి పానం గుంజుతది."

"అలవాటైతే అన్నీ సక్కగైతయ్ బిడ్డా, నడువు."

చెడ్డవాడు కాడు. కూతురు మళ్లీ కాలేజీకి వెళ్లాలన్న ఆరాటమంతా ఆ నడకలోనే పెట్టాడు. ఆ మొండితనం మీద నాకిప్పటికీ కోపమే.

ఒకరోజు బాపు ఎవరితోనో మాట్లాడుతూ వెనక ఆగాడు. హాస్టళ్ల వైపునుంచి ఒక్కసారిగా కేకలు, రాళ్లు, ఢామ్మని చప్పుడు, తెల్లటి పొగ. కళ్లు మండి నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. అక్క తన చున్నీ నా మొహానికి చుట్టి, చెయ్యి పట్టుకుని, చెప్పులు ఊడిపోయినా ఆగకుండా మా గేటుదాకా పరిగెత్తించింది. రొప్పుతూ వచ్చిన బాపు మమ్మల్ని పొదువుకుని ఏడుస్తూనే నవ్వాడు.

"ఉరికినవ్ కద బిడ్డా! నీకేం రోగం లేదు, ఉత్త భయం!"

సాయంత్రానికల్లా వాడకట్టంతా తిరిగి ఆ మాట చెప్పొచ్చాడు.

తెల్లారి అక్క లేవలేదు. వెలుతురు చూడలేక కిటికీకి దుప్పటి కట్టించుకుంది, నమిలే ఓపిక లేక అమ్మ చెంచాతో పోసిన జావ తాగింది. డిగ్రీ పరీక్షలు వచ్చి వెళ్లిపోయాయి. చూడవచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: అంత దూరం ఉరికిన పిల్ల మంచం దిగలేదా? నా కోసం పరిగెత్తడమే ఆమె మీద సాక్ష్యమైంది. కాస్త కుదురుకోగానే బాపు మళ్లీ నడిపించాడు. అక్క మళ్లీ పడింది. పడిన ప్రతిసారీ లేవడం తగ్గుతూ వచ్చింది.

తెలంగాణ వచ్చింది. ముళ్లకంచెలు పోయాయి, నినాదాలు పోయాయి, నడిరోడ్డు పులిహోర పోయింది. అక్క చదువూ పోయింది. ఈమధ్య ఒక డాక్టరమ్మ బాపును కూర్చోబెట్టి చెప్పింది: ఇది నిజంగానే జబ్బని, శ్రమపడిన రోజు బాగానే ఉండి ఆ తర్వాత ఒళ్లు కూలిపోవడమే దీని గుర్తని, బలవంతంగా నడిపిస్తే ముదురుతుందని. ఇంటికొచ్చి బాపు అక్క మంచం పక్కన కూర్చున్నాడు.

"గప్పుడే ఎందుకు చెప్పలే బిడ్డా?"

అక్క కళ్లు తెరవకుండానే అంది: "చెప్పిన బాపూ."