మా అక్క పాడని పాట

నాతో పాటు బళ్ళో పనిచేసి, నాకంటే ముందే రిటైరైన ఒక టీచరమ్మగారి అత్తగారు పోయారని కబురొస్తే, పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఏలూరులో బస్సెక్కి భీమడోలులో దిగి, అక్కడినుంచి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. ఈ వయసులో మనం పెళ్ళిళ్ళకంటే చావులకే ఎక్కువ తిరుగుతున్నామని నా ఈడువాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆటో చర్చి మలుపు తిరగగానే, శవపెట్టెను తీసుకెళ్ళడానికి తెచ్చిన వ్యాను మీది స్పీకరు బాక్సుల్లోంచి మా అక్క పాట వినపడింది. మా అక్క పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది.

పాటలో ఆ పెద్దావిడ పేరుంది, కొడుకుల పేర్లున్నాయి, కోడలి పేరుతో సహా ఉంది. మా అక్క ఆవిణ్ణి జన్మలో చూసి ఎరగదు. ఆటో దిగినదాన్ని దిగినట్టే నిలబడిపోతే, ఆటో అతను "ఏవండీ, ఒంట్లో బాగోలేదాండీ? మంచినీళ్ళు ఏమన్నా తెమ్మంటారా?" అని అడిగేదాకా నాకు తెలివి లేదు. కాస్త తేరుకున్నాక బాక్సులవాళ్ళ మనిషిని పట్టుకుని, ఈ పాట ఎక్కడిది నాయనా అని అడిగాను. అతను ఎంతో మర్యాదగా, "ఫోన్లో ఉందండీ. పోయినవాళ్ళ పేరు, ఇంట్లోవాళ్ళ పేర్లు చెబితే చాలండీ, ఈవిడ గొంతుతో పాట కట్టి ఇచ్చేస్తదండీ. మా వైపు అందరూ ఈవిడే కావాలంటున్నారండీ" అన్నాడు. ఆ ఈవిడ నాకేమవుతుందో అతనికి చెప్పాలనిపించలేదు, చెప్పినా ఏం చేసుకుంటాడు పాపం. పెద్దావిడ కాళ్ళ దగ్గర ఒక పూలదండ పెట్టి, సమాధుల తోట దాకా నడవకుండానే తిరుగు బస్సెక్కేశాను.

ఇప్పటివాళ్ళకి భూస్థాపన బ్యాండు అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు. మా బావగారికి ఏలూరులో ఒక బ్యాండు ఉండేది. పెళ్ళిళ్ళకీ వాయించేవారు గానీ, మావాళ్ళలో, అంటే మిషను కాలంనుంచీ చర్చీలకు వెళుతున్న కుటుంబాల్లో, ఎవరు పోయినా ముందు పాస్టరుగారికీ తరవాత మా బావగారికీ కబురు పెట్టడం ఆనవాయితీ. బావగారిది క్లారినెట్టు, ఆయన వెనక ఒక ట్రంపెట్టు, ఒక డ్రమ్ము, ఒక హార్మోనియం, వాటి మధ్యలో తెల్లచీర కట్టుకుని మా అక్క. ఇంట్లో పెట్టె పక్కన కూర్చున్నంతసేపూ అక్క కీర్తనలు పాడేది, తోటకి బయలుదేరాక బ్యాండు వాయించేది. నేను వంత పాడేదాన్ని. నా గొంతు చూసి పెట్టుకున్నారనుకునేరు, అంత మగ గుంపులో అక్కకి తోడుగా ఆడపిల్ల ఒకతి ఉండాలని మా అమ్మ నన్ను తగిలించేది, అంతే.

కొల్లేటి లంకలనుంచి కబురొచ్చిందంటే ఆ ప్రయాణమే ఒక పెద్ద పని. ఇప్పుడు చాలా ఊళ్ళకి కార్లు పోతున్నాయి గానీ అప్పట్లో వానాకాలం పడవ తప్ప దారి లేదు. గుర్రపుడెక్క అడ్డం పడితే గెడవేసే మనిషి ఒక్కడి వల్ల అయ్యేది కాదు, డ్రమ్మాయన కూడా దిగి తోసేవాడు. చినుకు పడిందంటే ఉన్న ఒక్క గొడుగూ హార్మోనియం మీద పట్టేవాళ్ళం, మేం మనుషులం మాత్రం నిక్షేపంగా తడిసేవాళ్ళం. అక్కకి నీళ్ళంటే భయం. పడవ మధ్యలో కూర్చుని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేదంటే, దిగాక చూసుకుంటే గాజులు నొక్కుకున్న గుర్తులు ఉండేవి.

లంకల్లో చావింట మైకుసెట్టు పెడితే, ఒక గొట్టాన్ని తప్పనిసరిగా ఎదుటి లంక వైపు తిప్పి కట్టేవారు, అక్కడి చుట్టపక్కాలకి తెలియాలని. ఆ గొట్టంలోంచి వెళ్ళిన పాట నీళ్ళమీదుగా పోయి, అవతలి గట్టుకి తగిలి, కాస్త ఆలస్యంగా మళ్ళీ మా దగ్గరికే వచ్చేది. కొత్తలో అక్క దాంతో నానా అవస్థా పడింది. తన పాటే తనకి అడ్డం వచ్చి వరుస తప్పేది. తరవాత తనే ఒక పద్ధతి పట్టుకుంది, ఒక చరణంలో ఒక వరుస పాడి, అది వెళ్ళి తిరిగొచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో వరుస ఎత్తుకునేది. అప్పటిదాకా బిగపట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, అక్క ఆగగానే ఒక్కసారిగా బావురుమనేవారు. మళ్ళీ అక్క ఎత్తుకునేసరికి సర్దుకునేవారు. ఆ అలవాటు ఎంత బలంగా నాటుకుందంటే, ఏలూరులో నాలుగు గోడల మధ్య పాడినా, తిరిగొచ్చే పాట ఏదీ లేకపోయినా, అక్క ఆగేది. ఆగి పాడే అమ్మాయిని పంపండి అని ఊళ్ళనుంచి మనుషులొచ్చి అడిగేవారు.

ఆ పేరు విని ఎవరో పుణ్యాత్ములు బెజవాడ తీసుకెళ్ళి అక్క చేత ఒక క్యాసెట్టు చేయించారు. అక్కడి రికార్డింగాయన మొదటి పాటలోనే ఆపేసి, మధ్యమధ్యలో ఇలా ఖాళీలొస్తే వినేవాళ్ళు టేపు పాడైపోయిందనుకుంటారమ్మా, ఆగకుండా పాడెయ్యండి అన్నాడు. అక్క ఎవరి మాటా కాదనే మనిషి కాదు. అన్ని పాటలూ ఆగకుండా పాడేసి వచ్చింది. క్యాసెట్టు ఇంటికొచ్చాక ఒక్కసారి విని, బాగానే ఉందిలే అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ తను దాన్ని పెట్టమనగా నేను వినలేదు.

ఆ తరవాత ఎన్నాళ్ళో లేదు. పచ్చకామెర్లు వచ్చాయి, నాటుమందు తిని కొన్నాళ్ళు, ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉండి, మాటలొచ్చీరాని కూతుర్ని మా చేతుల్లో పెట్టి అక్క వెళ్ళిపోయింది. బ్యాండువాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. తమ ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటి వాయిద్యం పెట్టెలోంచి తీయకూడదు. ఇంకో ఊరి బ్యాండు తనంతట తానే రావాలి, వాయించి వెళ్ళాలి, కాఫీ తాగొచ్చు గానీ రూపాయి ముట్టుకోకూడదు. అలా తాడేపల్లిగూడెం బ్యాండు పాసింజరు దిగి వచ్చింది. దాని పెద్ద ముసల్మాను, మా కీర్తనలు మాకంటే ఆయనకే బాగా వచ్చేవి. తోటకి నడుస్తూ ఆయన క్లారినెట్టు మీద అక్క పాడే కీర్తన ఎత్తుకుని, ప్రతి వరుస చివరా అక్క ఆగినట్టే ఆగారు. మా అమ్మ అక్కడే రోడ్డు మీద కూలబడిపోయింది. నేను అంతగా ఏడ్చింది నా జీవితంలో మళ్ళీ లేదు.

పిల్ల నా దగ్గరే పెరిగింది. మమ్మీ ఎలా పాడేది పిన్నీ అని అడుగుతూ ఉండేది, వినిపిద్దామంటే ఆ క్యాసెట్టును టేపురికార్డరు ఎప్పుడో నమిలేసింది, బావగారు దాన్ని పారేయలేక బీరువాలో పెట్టుకున్నారు. చాలా బాగా పాడేదమ్మా అనేదాన్ని, అంతకంటే ఏం చెబుతాం? నాకు మాత్రం ఏ క్యాసెట్టూ అవసరం లేకపోయింది. గిన్నెలు తోముకుంటున్నా, పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నా అక్క వచ్చి పాడేది, ఆగేది, నేను తోమడం ఆపి ఊరుకునేదాన్ని, మళ్ళీ పాడేది. మొగుడూ పిల్లలూ పొలమూ పుట్రా అని అందరూ చెప్పుకుంటూ ఉంటే, నాకు అదీ ఒక ఆస్తి కిందే లెక్క అనుకునేదాన్ని.

బ్యాండు సంగతి మీరూ చూసిందే. సీడీలొచ్చాయి, చిన్న పుల్లంత దాంట్లో వందల పాటలొచ్చాయి, చివరికి ఫోన్లోనే లోకంలో ఉన్న పాటలన్నీ వచ్చేశాయి. బాక్సులు అద్దెకి తెచ్చుకుంటే సరిపోయేదానికి అంతమంది మనుషుల్ని పిలిచి అన్నాలు పెట్టడం ఎందుకనుకున్నారు జనం. ట్రంపెట్టాయన ఆటో కొనుక్కున్నాడు, డ్రమ్మాయన గణపవరం వైపు చేపల చెరువుకి కాపలా వెళ్ళిపోయాడు, హార్మోనియం చర్చిలో ఒక మూల పడి ఉంది. బావగారు మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. సరికదా, తన పొట్టకొట్టిన ఆ ఫోనే చెవి దగ్గర పెట్టుకుని పొద్దస్తమానం పాటలు వినేవారు. నేను దెప్పితే, "మనకంటే బాగా వాయిస్తున్నారు మరదలుగారూ, ఏం చేస్తాం" అని నవ్వేవారు.

ఆయన ఈ వేసవిలో పోయారు. కట్టుబాటు గుర్తుండి తాడేపల్లిగూడెం ఫోన్ చేయించాను. పెద్దాయన ఎప్పుడో పోయారట, కొడుకు మాట్లాడాడు. "బ్యాండు లేదండీ ఇప్పుడు, అందరూ తలోదారీ అయిపోయారండీ. నేనొక్కణ్ణే ఉన్నానండీ, వస్తానండీ" అని, అన్నట్టే నాన్నగారి క్లారినెట్టు పెట్టె పట్టుకుని వచ్చాడు. నేను బావగారి తల దగ్గర కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి నా వెనకనుంచి అక్క బావగారిని పేరు పెట్టి పిలిచింది. తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా అల్లుడు, అంటే అక్క కూతురి భర్త, కంప్యూటరు చదువుకున్నవాడు, మంచివాడు, పిల్లని పువ్వుల్లో పెట్టుకుని చూసుకుంటాడు. బీరువాలోని ఆ నలిగిన క్యాసెట్టును ఎవరి చేతనో బాగు చేయించి, అందులో మిగిలిన పాటల్ని యంత్రానికిచ్చి, అక్క గొంతుతో మావగారికి ఒక పాట కట్టించాడు. పైలోకంలోంచి భార్య భర్తకి స్వాగతం చెబుతున్నట్టుగా ఉంది పాట. కాపురం చేసినన్నాళ్ళూ ఏవండీ అని తప్ప పిలిచి ఎరగని అక్క, ఆ పాటలో అడుగడుగునా బావగారి పేరు పలుకుతోంది. వచ్చినవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు, ఏడుద్దామని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళకి ఏడవడానికి సందే దొరకలేదు. తాడేపల్లిగూడెం అబ్బాయి క్లారినెట్టు తీసి పెదవుల దాకా తెచ్చుకుని, చాలాసేపు అలాగే నిలబడి, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. వెళ్ళేటప్పుడు నాతో, "పాటలో ఎక్కడ కలవాలో తెలియలేదండీ" అన్నాడు. మా పిల్ల మాత్రం ఊహ తెలిశాక మొదటిసారి తల్లి గొంతు విన్న మనిషి, ఆ బాక్సు మీద చెయ్యి వేసుకుని, తోట దాకా దాని పక్కనే నడిచింది.

కొన్నాళ్ళకి ఒకరోజు గిన్నెలు తోముకుంటుంటే అక్క పాట వచ్చింది. ఆగలేదు. నేను తోమడం ఆపినా ఆగలేదు. కావాలని అక్క పాడే పాత కీర్తనే గుర్తు చేసుకున్నాను, అదీ ఆగకుండా గడగడా సాగిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఏదో పెద్దతనం అని సర్దిచెప్పుకుంటూ ఉండగా ఈ భీమడోలు చావు వచ్చి పడింది. మా అల్లుడు ఆ గొంతును అందరూ వాడుకునేలా ఫోన్లో పెట్టాడన్నమాట. మమ్మీ పదిమందికి తోడుంటుంది కదా అని పిల్లే పెట్టించిందట.

మర్నాడు పొద్దున్నే పిల్లింటికి వెళ్ళి కూర్చున్నాను. కోప్పడలేదు. అది మీ అమ్మ కాదమ్మా, మీ అమ్మ అలా పాడేది కాదు, దాన్ని తీసెయ్యమను అని ఉన్నమాట చెప్పేశాను. పిల్ల మొహం చిన్నబోయింది. కాసేపటికి నా మోకాళ్ళ దగ్గరికొచ్చి కూర్చుని, "మరి మమ్మీ ఎలా పాడేది పిన్నీ? ఒక్కసారి పాడి చూపించు. నేను రికార్డు చేస్తాను, ఈయన సరిగ్గా అలాగే మార్చేస్తారు" అంది.

కళ్ళు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాను. మొదటి వరుస అయింది. ఆగాలి. ఎంతసేపాగాలో నాకు తెలియలేదు. కొల్లేరు గుర్తొచ్చింది, పడవ గుర్తొచ్చింది, ఎదుటి గట్టు మీది చెట్లతో సహా అన్నీ గుర్తొచ్చాయి గానీ అటునుంచి ఏమీ రాలేదు. వచ్చింది ఆ బాక్సులోని పాటే. నా నోరు నా ప్రమేయం లేకుండా దాని వెంట పోయింది, ఆ విరుపులే, ఆ సాగదీతలే, ఎక్కడా ఊపిరి తీసుకోవాలన్న ధ్యాసే లేదు. చివరిదాకా పాడేసి కళ్ళు తెరిచాను.

పిల్ల మొహం వెలిగిపోతోంది. "ఇదే కదా పిన్నీ! తేడా ఏముంది? మమ్మీయే" అంది, నా ఒళ్ళో తల పెట్టుకుని. అవునమ్మా అన్నాను. ఆ అనడం ఆ పిల్ల సంతోషం కోసం అన్నానో, నిజంగానే అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాన్నగారి గొంతు నేను మరిచిపోయి చాలా ఏళ్ళయింది. మరిచిపోయానని నాకు తెలుసు. చెవి ఒగ్గితే అక్కడ ఏమీ వినపడదు, అప్పుడప్పుడు ఆ ఖాళీ దగ్గరే కూర్చుని కాసేపు ఏడుస్తాను, మీకూ ఎవరో ఒకరి విషయంలో అలాంటి చోటు ఉండే ఉంటుంది. మన కాలంలో పోయినవాళ్ళు పోవడం అంటే అదే, గొంతుతో సహా పోయేవారు. అక్క విషయంలో నాకు అదీ లేకుండా పోయింది. ఎప్పుడు చెవి ఒగ్గినా అక్కడ ఎవరో హాయిగా, శ్రుతి తప్పకుండా పాడుతూనే ఉన్నారు. అది అక్క కాదని చెప్పగలిగే మనిషిని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను, ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే నేనూ చెప్పలేను.