వదిన ఫోన్ ఇంకా లాగిన్‌లోనే ఉంది

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కొండవాళ్ళం కదా, ఏది చెప్పినా నమ్మేస్తామని కింద నుంచి వచ్చినవాళ్ళు అనుకుంటారు. నేను డిగ్రీ చదివాను. గూడెం కొత్తవీధిలో ఒక ఇంటర్నెట్ షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. పాస్‌వర్డ్ మర్చిపోయి, ఓటీపీ రాక, బిక్కమొహం వేసుకుని వచ్చేవాళ్ళ పని చూడటమే నా ఉద్యోగం. అందుకని నాకు జ్ఞానం చెప్పాలనుకునేవాళ్ళు ముందు ఇది చివరిదాకా చదవండి.

మా వదిన పేరు రాజులమ్మ. మా ఊళ్ళో ఆశా కార్యకర్త. ఊళ్ళో మొదటి టచ్ ఫోన్ ఆమెదే. ఆ ఫోన్‌లో ఈమెయిల్ అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చింది నేనే.

మా ఊళ్ళో పద్నాలుగు కుటుంబాలు కొండవాలున పోడు చేసుకుంటున్నాయి. తాతల నాటి నుంచి దున్నుతున్న నేలే, కానీ పట్టాల్లేవు. పట్టాకి దరఖాస్తు పెట్టాలంటే, పొలం హద్దుల దగ్గర రైతు నిలబడిన ఫొటోలు కావాలి. ఫొటో ఎక్కడ తీశారో ఆ గుర్తు కూడా అందులో పడాలి. ఆ పనంతా వదిన నెత్తినేసుకుంది. గట్టు రాళ్ళమీద బొగ్గుతో అంకెలు వేసి, ఒక్కొక్కరినీ నాలుగు మూలలా నిలబెట్టి ఫొటోలు తీసింది. సిగ్నల్ అందే బండ ఊరికి పైన ఉంది. రోజూ ఆ బండెక్కి ఫొటోలు అకౌంట్‌లోకి పంపేది. దరఖాస్తులు కూడా ఆ అకౌంట్‌తోనే పెట్టింది.

శ్రావణంలో జ్వరం వచ్చింది. ఊరందరికీ రక్తపరీక్షలు చేసిన మనిషి, తనది మాత్రం ఆలస్యంగా చేయించుకుంది. అయిదో రోజున పోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మాలో పోయినవాళ్ళ వస్తువులు వాళ్ళతోనే పంపేస్తాం. పూడ్చిన చోట కంచం, చెంబు, కట్టుకున్న చీర పెడతాం. మా అన్న ఆమె ఫోన్ కూడా పెట్టాడు. అది ఆమెదే కదా మరి. ఫోన్ మీద మట్టికుండ బోర్లించి వచ్చాడు. ఆ ఫోన్‌లో పద్నాలుగు ఇళ్ళ భూమి ఉందని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. రోజంతా అకౌంట్లతో పనిచేసేదాన్ని, నాకు తట్టాలి.

మూడు నెలల తర్వాత భూముల ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఆ సాయంత్రంలోగా ఫొటోలు సైటులో పెట్టాలి, లేకపోతే దరఖాస్తులు కొట్టేస్తారు. నాకు తెలిసేసరికి ఉదయం పది దాటింది.

షాపు కంప్యూటర్‌లో వదిన అకౌంట్ తెరవబోయాను. పాస్‌వర్డ్ పట్టింది. కానీ ఇది కొత్త కంప్యూటర్, మీ ఫోన్‌లో ఒప్పుకోండి అని అడిగింది. తెరమీద 47 అని వచ్చింది. ఫోన్‌లో మూడు అంకెలు కనిపిస్తాయి, వాటిలో 47ని నొక్కాలి. వేరే దారిలో వెళ్దామంటే ఓటీపీ కూడా ఆ ఫోన్‌లోని సిమ్‌కే పోతుంది.

అన్నకి ఫోన్ చేసి, కుండ తీసి ఫోన్ పట్టుకురమ్మన్నాను.

"దానికిచ్చేసినాం. ఇచ్చేసింది మళ్ళీ అడుగుతావేటే? సిగ్గు నేదా?" అని పెట్టేశాడు.

నేను ఏడుస్తూ తెరవైపు చూశాను. అకౌంట్ తెరుచుకుని ఉంది. ఫొటోలన్నీ వరసగా ఉన్నాయి. మొదటి ఫొటోలో మా అన్నే, రాయి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

షాపు యజమాని నర్సీపట్నం మనిషి. "ఫోనెవుల కాడుందే గుంటా?" అని అడిగాడు. నేను ఫొటోలు కంప్యూటర్‌లోకి దించుకోవడం మొదలుపెట్టాను. ఆలోచించడానికి టైము లేదు.

ఆఫీసు సైటు ఆ బ్రౌజర్‌లో తెరుచుకోలేదు. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే, దరఖాస్తు పెట్టిన అకౌంట్‌తోనే మళ్ళీ లాగిన్ అవ్వమంది. ఈసారి 82. నేను గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. అర నిమిషం కూడా పట్టలేదు. తెరుచుకుంది.

పదమూడు దరఖాస్తులు వెళ్ళాయి. మా అన్నది మాత్రం వెళ్ళలేదు. చోటు గుర్తు కనిపించడం లేదని చూపించింది. ఆటో పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాను. అసలు ఫొటో తన కంప్యూటర్‌లోనే తెరిచి చూపించమన్నాడు గుమాస్తా. ఇంకో కంప్యూటర్, మళ్ళీ అదే ప్రశ్న. 19 అని వచ్చింది.

"ఫోన్ ఎవరి దగ్గరుందమ్మా?" అన్నాడు.

"మా వదిన దగ్గర" అన్నాను. అబద్ధం కాదు.

రెప్పపాటులో తెరుచుకుంది. "మీ వదినగారు బేగి నొక్కేశారే" అని నవ్వి, ఫొటో చూసి, దరఖాస్తు తీసుకున్నాడు. సాక్షి కావాలన్నవాళ్ళకి ఆయనే సాక్షి. ఆయనకి మాత్రం నేను అసలు సంగతి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అన్నని బతిమాలి వల్లకాటికి వెళ్ళాను. కుండ చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. గడ్డి నలిగిన జాడ ఎక్కడా లేదు. అన్నే కుండ ఎత్తాడు. ఫోన్ బోర్లా పడి ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. చార్జింగ్ పెట్టే కన్నంలో చీమలు మట్టి పెట్టాయి. నా ఫోన్ తీసి చూశాను. అక్కడ ఒక్క గీత సిగ్నల్ కూడా లేదు. అన్న నన్ను దేన్నీ ముట్టుకోనివ్వలేదు. కుండ మళ్ళీ బోర్లించేశాడు.

విశాఖలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన్ని అడిగాను. ఆ అకౌంట్ ఇంకో ఫోన్‌లో ఉండి ఉంటుందన్నాడు. అకౌంట్‌లో పరికరాల జాబితా చూశాను. నేను తెరిచిన కంప్యూటర్లు కాక ఒకటే ఫోన్ ఉంది, అది వదినదే. చివరిసారి వాడింది, నేను గుమాస్తా ముందు కూర్చున్న టైములో. అది చెబితే, ఎవరో తీసి, చార్జింగ్ పెట్టి, నొక్కి, మళ్ళీ పెట్టేశారన్నాడు. మా ఊళ్ళో పసిపిల్లలు కూడా పోయినవాళ్ళ కంచం ముట్టుకోరు. పోనీ ముట్టుకున్నారే అనుకుందాం. నా ముందున్న అంకె వాళ్ళకెలా తెలుస్తుంది? గుడ్డిగా నొక్కితే మూడుసార్లూ సరైనదే తగులుతుందా?

షాపాయన ఒక్క మాటలో తేల్చేశాడు. "మీ కొండోళ్ళకి ఇయ్యన్నీ మామూలే." అదే నాకు ఒళ్ళు మండే మాట. మాకు మామూలు కాదు. మా ఊళ్ళో ఎవరికీ ఇలా జరగలేదు.

నెల తర్వాత పరీక్షిద్దామని నా కొత్త ఫోన్‌లో ఆ అకౌంట్ తెరవబోయాను. ఏ పనీ లేదు, ఊరికే చూద్దామని. 31 వచ్చింది. చూస్తూ కూర్చున్నాను. ఎవరూ నొక్కలేదు. టైము అయిపోయిందని చెప్పి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

వదిన బతికున్నప్పుడు కూడా ఊసుపోక ఫోన్ చేస్తే ఇంతే. "పనుంటే సెప్పు, నేకపోతే పెట్టెయ్" అనేది. అది గుర్తొచ్చి షాపులో అందరిముందూ ఏడ్చేశాను.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. దయ్యం అని మాత్రం ఎవరన్నా అంటే ఊరుకోను. వాడని ఫోన్ అకౌంట్‌లో ఉంచడం ప్రమాదం, తీసెయ్యమని అందరూ చెబుతున్నారు. వదిన ఫోన్ పేరు పక్కనే సైన్ అవుట్ బటన్ ఉంది. నేను నొక్కను.

పద్నాలుగు పట్టాలూ ఇంకా చేతికి రాలేదు. వదినకి ఇంకా పని ఉంది.