జెయింట్ వీల్‌లో నాలుగు చుట్లు

పెళ్ళయిన నాలుగు నెలలకి మా అత్తగారు నన్ను రాజమండ్రి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళారు. నిజానికి ఆవిడ వెళ్ళింది స్టీలు గిన్నెల కోసం. మావయ్యగారూ మా ఆయనా సంచులు మోయడానికి వచ్చారు. కొవ్వూరు దగ్గర రైలూ బస్సూ రెండూ పోయే వంతెన వచ్చాక మా నిడదవోలు వాళ్ళకి రాజమండ్రి పక్కవీధి అయిపోయింది.

నాకు గిన్నెల మీద ధ్యాస లేదు. బీఏ ఆఖరి ఏడాది మధ్యలో నా పెళ్ళి చేశారు. పరీక్ష రాయకపోతే చదివిన చదువంతా గంగలో కలిసినట్టే. ఫారం పంపే గడువు ఆ వారంతో సరి. నింపిన ఫారం నా పెట్టెలో చీరల కింద ఉంది. పంపమని మా ఆయన్ని అడగాలి.

అడిగేదెక్కడ? మాది కిరాణా కొట్టు వెనకాల ఇల్లు. పగలంతా ఆయన కొట్లోనే. పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం ఆ ఇంట్లో తప్పు. పోనీ మా గదిలో అందామా అంటే, అత్తగారి గదికీ మా గదికీ మధ్య ఉన్నది చెక్కల అడ్డు. అదీ కప్పుదాకా లేదు. నేను నోరు తెరిస్తే చాలు, "ష్, అమ్మ వింటుంది" అని అటు తిరిగి పడుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ చూడగానే అత్తగారికి సరదా పుట్టింది. తనకీ నాకూ టిక్కెట్లు కొనిపించారు. తీరా దగ్గరికెళ్ళి తలెత్తి చూశాక ఆవిడ ముఖం మారిపోయింది.

"నాకు ఇప్పుడే కళ్ళు తిరుగుతున్నాయిరా. టిక్కెట్టు దండగైపోద్ది, నువ్వెక్కు" అని కొడుకుని నా పక్కకి తోశారు. ఆవిడ పొదుపుకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మొదటి చుట్టు ఇనప కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకోవడంతోనే అయిపోయింది. రెండో చుట్టులో మేం కూర్చున్న తొట్టి పైకి లేస్తుండగా ధైర్యం చేశాను.

"ఏవండీ, నేను పరీక్ష రాస్తానండి. ఫారం నింపి పెట్టాను, మీరు పంపాలి."

ఆయన బదులిచ్చేలోపు కిందికి వచ్చేశాం. కింద అత్తగారూ మావయ్యగారూ మమ్మల్నే చూస్తున్నారు. ఇద్దరం బస్సులో పక్కపక్కన కూర్చున్న పరాయివాళ్ళలా చెరో దిక్కూ చూశాం.

మూడో చుట్టులో, పైకి చేరాక, "నాన్నగారిని అడగాలి కదా" అన్నారు. మళ్ళీ కిందికి. మళ్ళీ చెరో దిక్కు. నాలుగో చుట్టుకి నాకు భయం పోయి కోపం మిగిలింది.

"చదివింది నేనండి, మావయ్యగారు కాదు. మీరు అడగలేకపోతే చెప్పండి, నేనే అడుగుతాను."

అంతలో చక్రం ఆగింది. కింద ఒక్కో తొట్టిలోంచీ జనాన్ని దించుతున్నారు. మేము పైనే ఉండిపోయాం. సంజచీకట్లో గోదావరి, వంతెన మీద రైలు దీపాలు, చల్లటి గాలి. అంత చక్కని చోట కూడా ఆయన నా వైపు చూడకుండా రైలు పెట్టెలు లెక్కపెడుతూ కూర్చున్నారు. ఏడుపొచ్చింది. అయినా చెప్పేశానన్న తేలిక లోపల ఎక్కడో హాయిగానే ఉంది.

ఆగుతూ ఆగుతూ కిందికి చేరాం. మా ఆయన ముందు దిగారు. ఎదురుగా గిన్నెల సంచితో మావయ్యగారు, పక్కన అత్తగారు. మా ఆయన నా వైపు తిరిగి మామూలు గొంతుతో అన్నారు.

"రేపు పొద్దున్నే ఆ పరీక్ష ఫారం తీసివ్వు. నేను పోస్టు చేస్తాను."

పెద్దవాళ్ళ ముందు ఆయన నాతో అన్న మొదటి మాట అది. అత్తగారు నోరు వెళ్ళబెట్టారు. మావయ్యగారు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకి లేదు, కొడుకుతోనే అన్నారు.

"రిజిస్టర్ పోస్టులో పంపరా. మామూలు టపాని నమ్మకూడదు."